86 గెలుపుల లెక్క

శ్రోతలకు నమస్కారం.

కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకొని మంచు వాలు మీద కిందికి జారే ఆట ఆల్పైన్ స్కీయింగ్. దాని ప్రపంచకప్ చరిత్రలో 86 అనే సంఖ్య 34 ఏళ్ల పాటు ఒక్క మనిషి పేరు మీదే ఉండిపోయింది. ఆయన స్వీడన్ దేశస్థుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్. ప్రపంచకప్ అనగానే క్రికెట్‌లోలాగా నాలుగేళ్లకోసారి జరిగే సంబరం గుర్తుకు రావచ్చు గానీ, 1967లో మొదలైన ఈ పోటీ అలాంటిది కాదు. ఏటా చలికాలం పొడుగునా ఒక కొండ ఊరి నుంచి మరో కొండ ఊరికి తిరుగుతూ సాగుతుంది. అందులో ఒక్కో రోజు జరిగే ఒక్కో పందెంలో మొదటి స్థానం వస్తే అది ఒక గెలుపు. అలాంటివి 86.

మంచు వాలు కంటితో చూసినవారు మనలో తక్కువ గనుక పందేల సంగతి కాస్త చెప్పాలి. డౌన్‌హిల్, సూపర్ జీ అనేవి వేగానికి పరీక్షలు. డౌన్‌హిల్‌లో పోటీదారు గంటకు 120 కిలోమీటర్లు దాటిన వేగంతో కిందికి దూసుకువస్తాడు. స్లాలమ్‌లో గడలు దగ్గర దగ్గరగా పాతి ఉంటాయి, వాటి మధ్య కుడికీ ఎడమకూ మలుపులు తిరుగుతూ దిగాలి. జెయింట్ స్లాలమ్‌లో ఆ గడల మధ్య దూరం పెరుగుతుంది. ఈ రెండింటిలోనూ రెండేసి పరుగులు ఉంటాయి, రెండింటి సమయాలనూ కలిపి, సెకనులో నూరో వంతు దాకా లెక్కకట్టి విజేతను తేలుస్తారు.

స్టెన్‌మార్క్ గెలుపులన్నీ ఈ మలుపుల పందేల్లోనివే: జెయింట్ స్లాలమ్‌లో 46, స్లాలమ్‌లో 40. ప్రపంచకప్ డౌన్‌హిల్‌లో ఆయన పాల్గొన్నది ఒకే ఒక్కసారి, 1981లో ఆస్ట్రియాలోని కిట్జ్‌బూయెల్‌లో. ఆయన పెరిగిన టెర్నబీ స్వీడన్ ఉత్తరాన ఉన్న చిన్న ఊరు, జనాభా వందల్లోనే. ఆ ఊరి వాలు మీద స్కీయింగ్ నేర్చుకున్నవారిలోనే స్టిగ్ స్ట్రాండ్ ఉన్నారు, తరువాతి తరంలో 2006 ఒలింపిక్స్ స్లాలమ్ స్వర్ణం గెలిచిన ఆన్యా పేర్సన్ ఉన్నారు. కొన్ని ఊళ్ల నుంచి తరతరాలుగా నాదస్వర విద్వాంసులు పుట్టుకొస్తూ ఉంటారే, టెర్నబీ సంగతీ అలాంటిదే అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లో స్లాలమ్ గడలు వెదురువి. గట్టిగా తగిలితే ఒంటికి దెబ్బ, పైగా వేగమూ పోతుంది. అందుచేత ఒళ్లంతా గడ పక్కనుంచి తప్పించుకుంటూ పోవలసిందే. స్టెన్‌మార్క్ ఆ తప్పించుకోవడంలోనే మేటి. 1980ల మొదట్లో మొదలు దగ్గర వంగి మళ్లీ లేచి నిలిచే గడలు వచ్చాయి. అప్పటినుంచి పోటీదారులు మోకాలి కింద కవచం కట్టుకొని, గడను పిడికిలితోనూ కాలితోనూ పడగొడుతూ, స్కీలను మాత్రం దాని మొదలును రాసుకుంటూ పోనిస్తారు. చూడడానికి అదే ఆట, నిజానికి అది వేరే విద్య. ఆ విద్యను కెరీర్ నడుమలో కొత్తగా పట్టుబట్టి నేర్చుకొని కూడా ఆయన గెలుస్తూనే వచ్చారు.

1978–79 సీజన్‌లో జరిగిన జెయింట్ స్లాలమ్‌లు పదింటినీ ఆయనే గెలిచారు. ఆ ఫిబ్రవరిలో అప్పటి చెకోస్లొవేకియాలోని యాస్నాలో రెండో స్థానంలో నిలిచిన యుగొస్లావియా పోటీదారు బోయాన్ క్రిజాయ్‌కీ ఆయనకూ మధ్య తేడా 4 సెకన్లకు పైనే, నూరో వంతులు లెక్కపెట్టే పందెంలో! అయినా ఆ సీజన్ మొత్తం మీద విజేత కిరీటం మాత్రం స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ లూషర్‌కు దక్కింది. ఒక్కో విభాగం నుంచి కొన్ని ఫలితాలకే పాయింట్లు లెక్కలోకి వచ్చేలా నిబంధనలు మార్చడమే అందుకు కారణం. వరసగా మూడేళ్లు ఆ కిరీటం గెలిచిన మనిషి, అన్నీ గెలుస్తూనే దాన్ని మళ్లీ అందుకోలేకపోయారు. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో మాత్రం నిబంధనల గొడవ లేదు. అంతకు కొన్ని నెలల ముందు డౌన్‌హిల్ సాధనలో పడి తలకు గట్టి దెబ్బ తగిలినా కోలుకొని వచ్చి, జెయింట్ స్లాలమ్‌లో మొదటి పరుగు తరువాత మూడో స్థానం నుంచి, స్లాలమ్‌లో నాలుగో స్థానం నుంచి ముందుకు వచ్చి రెండు స్వర్ణాలూ తీసుకువెళ్లారు.

చివరి గెలుపు 1989లో. ఆ తరువాత అమెరికాకు చెందిన లిండ్సే వాన్ 2019లో విరమించే నాటికి 82 దాకా వచ్చారు. ఆమెవి ఎక్కువగా డౌన్‌హిల్, సూపర్ జీ గెలుపులు గనుక ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని అడగడం, వయొలిన్ గొప్పదా మృదంగం గొప్పదా అని అడిగినట్టే ఉంటుంది.

86ను దాటింది అమెరికాకే చెందిన మికేలా షిఫ్రిన్. 2022 బీజింగ్ ఒలింపిక్స్ స్లాలమ్‌లో మొదటి కొద్ది గడల దగ్గరే దారి తప్పి, స్కీలు పక్కన పడేసి, మంచులో కూర్చొని తల వంచుకొని చాలాసేపు ఉండిపోయిన ఆమెను ప్రపంచమంతా చూసింది. ఆ ఒలింపిక్స్ నుంచి ఒక్క పతకమూ లేకుండా తిరిగి వెళ్లారు. మరుసటి సీజన్‌లోనే 14 పందేలు గెలిచారు. 2023 మార్చి 10న జెయింట్ స్లాలమ్‌లో 86, మరునాడు స్లాలమ్‌లో 87. ఆ రెండూ జరిగినది స్వీడన్‌లోని ఓరెలో. 17 ఏళ్ల వయసులో, 2012లో, ఆమె తన మొట్టమొదటి ప్రపంచకప్ పందెం గెలిచినదీ ఆ వాలు మీదే. తనకన్నా ఆమే మేటి అని స్టెన్‌మార్క్ అప్పటికే చెప్పి ఉన్నారు.

2024 నవంబరులో అమెరికాలోని కిల్లింగ్టన్‌లో నూరో గెలుపు కోసం దిగి, రెండో పరుగులో పడిపోయి, కడుపు దగ్గర లోతైన గాయంతో ఆసుపత్రి పాలయ్యారు షిఫ్రిన్. ఆ నూరు 2025 ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్ట్రియేర్‌లో పూర్తయింది. జెయింట్ స్లాలమ్ ఒక్కదానిలోనే స్టెన్‌మార్క్ గెలిచిన 46 మాత్రం ఆమెకు ఇంకా చాలా దూరంలో ఉంది.

నమస్కారం.