శిఖరానికి ముహూర్తం పెట్టేది గాలి

(తిరుపతిలో ట్రెక్కింగ్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాలులో ఉన్నవారిలో చాలామందికి శేషాచలం అడవి కొట్టిన పిండి. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం నడిచి వచ్చినవారున్నారు, తలకోన పైదాకా ఎక్కినవారున్నారు. ఇప్పుడు కొందరు ఆఫ్రికాలోని కిలిమంజారో అంటున్నారు, కొందరు రష్యాలోని ఎల్‌బ్రస్ అంటున్నారు. ఒకరిద్దరి కన్ను ఎవరెస్టు మీదే ఉందని కూడా విన్నాను. సామాన్ల గురించి, శిక్షణ గురించి చెప్పమని మిత్రులు అడిగారు. బూట్ల సంగతి దుకాణం వాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను గాలి గురించి మాట్లాడతాను. లక్షలు పోసి గైడ్ల వెంట కొండలెక్కడానికి వెళ్లేవాళ్లు కంపెనీని తిండి గురించి అడుగుతారు, టెంటు గురించి అడుగుతారు, ఫొటోల గురించి కూడా అడుగుతారు. శిఖరానికి బయలుదేరే రోజును ఎవరు, ఏం చూసి నిర్ణయిస్తారని మాత్రం అడగరు.

మన ఊరి దగ్గరే మొదలుపెడదాం. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు వెళ్లేవాళ్లకు గాదంకి అంటే టోల్‌ప్లాజా గుర్తుకొస్తుంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది ఆ ఊళ్లోనే. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌కు గిరగిరా తిరిగే పళ్లెం ఉండదు. చదును చేసిన నేల మీద వరుసలు తీర్చిన 1,024 యాగి యాంటెనాలు ఉంటాయి. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద కట్టుకున్న యాంటెనాల జాతివే అవి. ఏ ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో అవి కొలుస్తాయి. వానాకాలంలో మన తలల మీద, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలి ప్రవాహం సాగుతుంది. దాన్ని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. కింద మనం ఆకు కదలడం లేదని విసుక్కుంటూ ఉంటాం.

చలికాలంలో హిమాలయాల మీద దీనికి ఎదురు దిక్కు గాలిది రాజ్యం. పడమటి జెట్ ప్రవాహం ఆ పర్వతాల నెత్తిమీదే తిష్ఠ వేస్తుంది. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు కదా, దాని కొన నేరుగా ఆ ప్రవాహంలోకి పొడుచుకుని ఉంటుంది. గంటకు 160 కిలోమీటర్లు దాటే గాలులు అక్కడ అప్పుడు మామూలు. ఏప్రిల్, మే నెలల ఎండకు టిబెట్ పీఠభూమి వేడెక్కుతుంది. పడమటి జెట్ మెల్లగా ఉత్తరానికి జరిగిపోతుంది. జూన్ రెండో వారానికల్లా రుతుపవనాలు నేపాల్ చేరి మంచు కురిపించడం మొదలుపెడతాయి. గాలి తప్పుకోవడానికీ మంచు మొదలవడానికీ మధ్య మే నెలలో దొరికే కొద్ది రోజులే ఎక్కేవాళ్లకు దక్కేవి. టెన్జింగ్, హిల్లరీ శిఖరం చేరింది 1953 మే 29న. మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎక్కింది 2014 మే 25న. ఈ తేదీలు దగ్గరదగ్గరగా ఉండటం కాకతాళీయం కాదు. 1953 బృందం కోసం ఆలిండియా రేడియో ప్రత్యేకంగా వాతావరణ సూచనలు ప్రసారం చేసేది. శిఖరం కింద కూర్చుని ఆకాశం కబురు కోసం చెవి ఒగ్గడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇప్పుడు ఆ కబురు ఎలా వస్తుందో చెబుతాను. బేస్ క్యాంపు 5,364 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి శిఖరానికి నాలుగైదు రోజుల ప్రయాణం. కాబట్టి ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉందా అని చూసుకుని లాభం లేదు, ఐదో రోజు తెల్లవారుజామున ఎలా ఉంటుందో చూడాలి. నాయకుడి చేతిలోని అంచనా పట్టికలో ఆరేసి గంటలకు ఒక గడి, ఒక్కో ఎత్తుకు ఒక్కో వరుస ఉంటాయి. అందరూ ముందు చూసేది ఎనిమిది వేల మీటర్ల పైనున్న వరుసనే. గాలి గంటకు 50 కిలోమీటర్లు మించేలా ఉంటే జాగ్రత్తపరుడైన గైడు ఎవరినీ కదలనివ్వడు. ఆ తర్వాత బయటికి వచ్చి తలెత్తి చూస్తాడు. శిఖరం నుంచి తూర్పుగా మంచుపొగ జెండాలా ఎగురుతూ ఉంటే పైన గాలి ఇంకా తగ్గలేదన్నమాట. పట్టిక ఒకటి చెప్పి కొండ ఇంకొకటి చెబితే, అనుభవం ఉన్నవాడు కొండనే నమ్ముతాడు.

గాలికి అంత భయం ఎందుకంటారా? అలిపిరి నుంచి తిరుమల చేరేసరికి నాలుగైదు డిగ్రీలు చల్లబడటం మీకు అనుభవమే. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల లెక్క అది. దాన్ని ఎవరెస్టు దాకా పొడిగించండి, పైన మే నెలలో కూడా సున్నాకు 25 డిగ్రీలు దిగువన ఉండే రాత్రులు తగులుతాయి. ఆ చలికి గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 39లా తగులుతుంది, 60 అయితే మైనస్ 43. తాడు మీద ఒక మేకు దగ్గర క్లిప్పు మార్చడానికి పెద్ద చేతిగ్లవ్ తీయాలి. అర నిమిషం పని. ఆ అర నిమిషంలోనే వేళ్లు మొద్దుబారతాయి. ఊపిరి తడికి ఆక్సిజన్ మాస్కు వాల్వు గడ్డకడుతుంది. తుఫానుతో పాటు వాతావరణ పీడనం కూడా పడిపోతే అందే ఆక్సిజన్ మరికాస్త తగ్గుతుంది. అసలే శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి మూడో వంతు.

1996 మే 10 సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఇద్దరూ పేరున్న గైడ్లు, డబ్బు కట్టిన క్లయింట్లను వెంటబెట్టుకుని ఎక్కారు. మధ్యాహ్నం 2 గంటలకల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న గడువు ఉంది. కొందరు 4 గంటల దాకా శిఖరం మీదే ఉండిపోయారు. సాయంత్రానికి తుఫాను కమ్మింది. నేపాల్, టిబెట్ వైపులు రెండూ కలిపి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ఆ ఇద్దరు గైడ్లూ ఉన్నారు, ఉత్తరాన టిబెట్ వైపు నుంచి ఎక్కిన మన ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు ముగ్గురూ ఉన్నారు. అంతకు ముందు ఏడాది శిఖరం దగ్గరి నుంచి హాల్ వెనక్కి తిప్పిన ఒక క్లయింటు ఈసారి ఆలస్యంగా చేరినవారిలో ఉన్నాడు. ‘కాదు’ అని రెండోసారి అనడం ఎంత కష్టమో ఆలోచించండి. అదే సమయంలో సినిమా చిత్రీకరణకు వచ్చిన డేవిడ్ బ్రీషియర్స్ బృందం పైన గాలి తీరు నచ్చక ఎదురు దారిలో కిందికి దిగిపోయింది. పైకి వెళ్తున్నవాళ్ల ముందు అలా దిగడం ఏ నాయకుడికీ సులువు కాదు. ఆ బృందం మే 23న శిఖరం ఎక్కింది. నాకు ఆ దిగడమే ఎక్కడం కంటే పెద్ద పనితనంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అంచనాలు బాగా మెరుగయ్యాయి కదా అంటారు. మెరుగయ్యాయి, దాంతో కొత్త చిక్కూ వచ్చింది. 2019లో ఎవరెస్టు ఎక్కడానికి నేపాల్ 381 పర్మిట్లు ఇచ్చింది. మే మొదట్లో ఒడిశా తీరం దాటిన ఫణి తుఫాను గాలులు రెండో క్యాంపు టెంట్లను చింపేశాయి. తర్వాత వాతావరణం అనుకూలించిన రోజులు కొద్దే. అందరి చేతికీ ఒకే అంచనా అందింది, అందరూ ఒకే రోజులు ఎంచుకున్నారు. మే 22న శిఖరం కింద ఒకే తాడు మీద బారులు తీరిన మనుషుల ఫొటో ప్రపంచమంతా చూసింది. మనకు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటలు గంటలు కూర్చోవడం కొత్త కాదు. కాకపోతే కంపార్టుమెంటులో పాలు ఇస్తారు, ఉప్మా పెడతారు. అక్కడ నిలబడ్డ ప్రతి నిమిషం వీపు మీది సిలిండరు ఖాళీ అవుతూ ఉంటుంది. ఆ సీజనులో ఎవరెస్టు మీద 11 మంది చనిపోయారు. అందుకే ఇప్పుడు తెలివైన గైడ్లు అన్నిటికంటే మంచి రోజును వదిలేసి, దాని ముందో వెనకో కాస్త గాలి ఉన్న రోజు ఎంచుకుంటారు. అది ఆ వృత్తిలో ఆరితేరినవాళ్లు ఆడే ఆట. ఆ రోజున క్లయింటు కాళ్లలో సత్తువ ఉండాలి మరి.

అన్నిటికంటే మనకు దగ్గరి కథ హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద విరుచుకుపడిన తుఫాను మనకు ఎలా గుర్తుందంటే కూలిన చెట్లు, కరెంటు లేని రాత్రులు, కైలాసగిరి మీద బోడిగా మిగిలిన మాన్లు. తీరం దాటాక బలహీనపడిందని వార్తల్లో విని ఊపిరి పీల్చుకున్నాం. ఆ మిగిలిన తేమ ఆగలేదు. ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి వెళ్లి నేపాల్ కొండలను ఢీకొంది. అక్టోబరు 14న అన్నపూర్ణ చుట్టూ తిరిగే ట్రెక్కింగ్ దారిలో, 5,416 మీటర్ల తోరంగ్ లా కనుమ దగ్గర, కొన్ని గంటల్లోనే నడుము లోతు మంచు పడింది. కనీసం 43 మంది చనిపోయారు. నేపాల్‌లో అక్టోబరు అంటే వానలు వెనక్కి తగ్గి ఆకాశం కడిగినట్టుండే నెల, ట్రెక్కర్లకు పండుగ నెల. తుఫాను రాబోతోందని మన వాతావరణ శాఖకు ముందే తెలుసు. తీరం వెంట లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. కనుమ కింద బసల్లో పడుకున్న చాలామందికి మాత్రం ఆ కబురు చేరలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే మనం రేణిగుంట రైళ్ల గురించి, 2021 నవంబరులో చూసినట్టు స్వర్ణముఖి గురించి, శ్రీవారి మెట్టు గురించి ఆలోచిస్తాం. అక్టోబరులోనో మే నెలలోనో నేపాల్ వెళ్తున్నవాళ్లు ఆ వాయుగుండం తమది కూడా అనుకోవాలి.

కిలిమంజారో గురించి పెద్దగా చెప్పను. వానలు లేని నెలలు చూసుకుని వెళితే అక్కడ ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోవడమే ముఖ్యం. ఎల్‌బ్రస్ అలా కాదు. 5,642 మీటర్లే అయినా చుట్టూ అడ్డులేని వాలు, దిక్కు తెలియని తెల్లటి మబ్బు. 2021 సెప్టెంబరు 23న గైడ్లతో వెళ్లిన బృందమే మంచు తుఫానులో చిక్కుకుని ఐదుగురిని పోగొట్టుకుంది. తేలిక శిఖరం అని ప్రకటనల్లో రాసేవాళ్లు ఆ సంగతి రాయరు. మన పక్క నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన మనిషి. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు.

ఇక డబ్బు కట్టేముందు అడగాల్సినవి. వాతావరణ అంచనా ఎవరి నుంచి కొంటారు, రోజుకు ఎన్నిసార్లు తెప్పించుకుంటారు? శిఖరం రోజున తిరిగిపోయే గడువు ఎంత, అది దాటితే ఎవరి మాట చెల్లుతుంది? ఎదురుచూడటానికి అదనంగా ఎన్ని రోజులు పెట్టారు, ఆ రోజులకు ఆక్సిజన్, తిండి సరిపోతాయా? మీతో వచ్చే షెర్పాకు ‘వద్దు’ అనే అధికారం ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు నసిగితే అక్కడే లేచి వచ్చేయండి. బ్రోచరులో శిఖరం ఎక్కే తేదీని అచ్చు వేసి ఇచ్చే కంపెనీ దగ్గర కూర్చోనే వద్దు.

2025 సెప్టెంబరు నుంచి నేపాల్ వైపు ఎవరెస్టు పర్మిట్ రుసుము 15,000 డాలర్లు. గాలి ఆగక మీరు వెనక్కి వచ్చినా ఆ డబ్బు తిరిగి రాదు. ఇంట్లో వాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. పైకి వెళ్లాక అప్పు గుర్తుకొచ్చి అడుగు ముందుకు వేసే పరిస్థితి తెచ్చుకోవద్దు. కాఠ్మండూ నుంచి తిరుగు టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. ఎవరెస్టు దారిలో విమానం దిగే ఊరు లుక్లాలో మబ్బు కమ్మితే విమానాలు దిగవు, లేవవు. రెండు మూడు రోజులు అక్కడే పడిగాపులు పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.