ముసుగు తీశాక మనిషి: పెద్దల సూపర్‌హీరో సినిమాలపై బరంపురం స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. బరంపురం స్టూడియోకి స్వాగతం. ఈరోజు మాట్లాడుకునేది సూపర్‌హీరోల గురించి. పిల్లల టిఫిన్ బాక్సుల మీద ఉండే సూపర్‌హీరోలు కాదు, సెన్సార్ వాళ్లు ‘ఏ’ వేసి పంపే రకం. వీళ్లు తాగుతారు, తిడతారు, ముసలివాళ్లవుతారు, చచ్చిపోతారు కూడా. కామిక్ పుస్తకాల్లోంచి వచ్చిన ఇలాంటి సినిమాలను ఒడిశాలోని మన గంజాం జిల్లా తెలుగువాళ్లు ఎలా చూస్తున్నారు? బళ్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు, సినిమాహాల్లో ఆపరేటర్‌గా చేసిన బాబాయ్, మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టు అమ్మాయి వచ్చారు. ఈ అమ్మాయి కామిక్స్ కొని చదువుతుంది. మాస్టారూ, ముందు మీరు.

మాస్టారు: నాతో మొదలుపెడితే చివాట్లతో మొదలుపెట్టినట్టే. (నవ్వులు) నాకు బొమ్మల కథ అంటే చందమామ. మా ఇంట్లో తెలుగు చందమామ, పక్కన ఒడియా వాళ్లింట్లో జహ్నమాము. అవే బొమ్మలు, అదే భేతాళుడు, అక్షరాలే వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకునే నేను ఒడియా చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా మనవడు ఫోన్లో చూపిస్తే ఎర్ర ముసుగువాడు ఒకడు, డెడ్‌పూల్ అట, బూతులు తప్ప మాట్లాడటం లేదు. బొమ్మల కథకి ఇదేం ఖర్మ?

ఫార్మసిస్టు: మాస్టారూ, ఒక్క మాట. విక్రమార్కుడు భుజాన వేసుకున్నది శవాన్నే కదండీ?

మాస్టారు: ఆ... శవమే. సరే, ఒక మార్కు వేశాను. కానివ్వు.

ఫార్మసిస్టు: అమెరికాలో కూడా కామిక్స్ మొదట్నుంచీ పిల్లలవే ఏం కాదు. నేరాల కథలు, దయ్యాల కథలు తెగ అమ్ముడుపోయేవి. పిల్లలు చెడిపోతున్నారని గోల లేచి సెనేట్ విచారణ దాకా వెళ్లింది. దాంతో 1954లో పబ్లిషర్లే భయపడి తమకు తాము ఒక కోడ్ రాసుకున్నారు. చెడ్డవాడు చివర్లో ఓడిపోవాల్సిందే. పోలీసుల్ని, జడ్జీల్ని తక్కువ చేసి చూపించకూడదు. కామిక్స్ అంటే చిన్నపిల్లలవి అనే పేరు గట్టిపడింది అప్పుడే. 1986లో ‘వాచ్‌మెన్’ అనే కామిక్ ఆ కోడ్ ముద్ర లేకుండానే వచ్చింది. అందులో సూపర్‌హీరోలు పొట్ట పెరిగి, పెన్షన్ తీసుకునే వయసుకొచ్చి, పాత రోజులు తలుచుకుంటూ కూర్చుంటారు. 2009లో సినిమాగా తీశారు. డబ్బులు పెద్దగా రాలేదు. జనానికి అప్పటికి ముసుగు మనిషంటే ఇంకా గెలిచేవాడే.

యాంకర్: బాబాయ్, మీరు హాల్లో జనాన్ని చూశారు కదా.

ఆపరేటర్: నేను చూసింది జనం తలకాయలమ్మా! (నవ్వులు) ప్రొజెక్టర్ గదికి ఇంత కిటికీ ఉంటుంది. అందులోంచి తెర కంటే తలకాయలే బాగా కనిపిస్తాయి. బొమ్మ నచ్చితే తల కదలదు. నచ్చకపోతే ఒక్కొక్కటే పక్కకి తిరుగుతుంది, ఆనక బీడీకి లేస్తారు. 2017లో ‘లోగన్’ వేశాం, చేతుల్లోంచి ఉక్కు గోళ్లు వచ్చే వుల్వరిన్ బొమ్మ. అప్పటికి రీళ్లు పోయాయి, కంప్యూటర్‌లో బటన్ నొక్కడమే నా పని. సెకండ్ షోకి కుర్రాళ్లు గోళ్లవాడి బొమ్మ అని ఈలలేసుకుంటూ వచ్చారు. తెర మీద వాడేమో అద్దె కారు తోలుకుంటున్నాడు. కంటికి కళ్లద్దాలు. దెబ్బ తగిలితే మానడం లేదు. పెద్దాయన ఒకాయనకి తొంభై ఏళ్లు, మతి తప్పింది. వాడే ఆయనకి మందులివ్వాలి, బాత్రూముకి తీసుకెళ్లాలి, రెండు చేతుల మీద ఎత్తుకుని మంచమ్మీద పడుకోబెట్టాలి. అక్కడ ఒక్క ఈల లేదు. ఇంటర్వెల్లో సమోసాల కుర్రాడు పైకొచ్చి, ఏంటి బాబాయ్, ఎవరూ బయటకి రావట్లేదు అన్నాడు.

మాస్టారు: ఎందుకు రాలేదంటావ్?

ఆపరేటర్: ఇంట్లో ముసలి తండ్రి ఉన్నవాడు ఎందుకు లేస్తాడండీ? ఆ కుర్రాళ్లలో సగం మంది తండ్రులు సూరత్‌లో మగ్గాల దగ్గర ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లే.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు)

యాంకర్: ఆ సినిమాకి అడాప్టెడ్ స్క్రీన్‌ప్లే, అంటే ముందే ఉన్న కథ మీద రాసిన స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ విభాగంలో అంతకుముందు ఏ సూపర్‌హీరో సినిమాకీ రాలేదు. కానీ బాబాయ్, గోళ్లవాడు ముసలివాడైతే జనానికి కోపం రాలేదా?

ఆపరేటర్: మన ఊళ్లో రాదమ్మా. ఠాకురాణి యాత్ర చూసిన ఊరు ఇది. రెండేళ్లకోసారి అమ్మవారు దేశిబెహరా ఇంటికి, అంటే పుట్టింటికి వస్తుంది. ఆ రోజుల్లో మొక్కున్నవాళ్లు వేషం కడతారు. నేను మూడు యాత్రలకి పులి వేషం కట్టాను. ఒంటి నిండా పసుపు రంగు పూసి, చారలు గీసే దాకా చేతులు చాచి నిలబడాలి. రంగు ఆరేదాకా కూర్చోకూడదు. వీధిలోకి వెళ్తే దణ్ణాలే దణ్ణాలు. రాత్రి ఇంటికొచ్చాక కిరసనాయిలు గుడ్డతో మా ఆవిడ వీపు రుద్దాలి. చర్మం మండిపోతుంది. అప్పుడు నేను పులినా, మనిషినా? అది మా పిల్లలు చూశారు. మర్నాడు మళ్లీ వేషం కడితే వాళ్లే ముందొచ్చి దణ్ణం పెట్టారు.

ఫార్మసిస్టు: తాతగారూ, ‘వాచ్‌మెన్’ నాలుగొందల పేజీల్లో చెప్పింది మీరు కిరసనాయిలు గుడ్డతో చెప్పేశారు.

యాంకర్: అయితే బ్యాట్‌మ్యాన్ కథల్లో విలన్ మీద తీసిన ‘జోకర్’ సంగతేంటి? 2019లో వంద కోట్ల డాలర్లు దాటింది. ‘ఏ’ సినిమా అయినా మనవాళ్లు ఎగబడి చూశారు.

ఫార్మసిస్టు: నేను అప్పుడు బీఫార్మసీ. స్నేహితులతో వెళ్లాను. అతనికి ఏడు రకాల మందులు. నవ్వు రోగం ఒకటి, దాని గురించి రాసిన కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. నిధులు కత్తిరించారని కౌన్సెలింగ్ ఆపేస్తారు, మందులూ పోతాయి. ఆ తర్వాత మరిన్ని హత్యలు. చివర్లో మెట్ల మీద డాన్స్ చేస్తుంటే ముందు వరసల్లో ఈలలు, చప్పట్లు. నాకు చెయ్యి లేవలేదు. మా షాపుకు నెలనెలా ఒకాయన వస్తారు. చీటీలో ముప్పై రోజులకి రాసి ఉంటుంది. ఆయన కౌంటర్ మీద నోట్లు సర్ది, పది రోజులకే ఇవ్వమ్మా అంటారు. ఇరవై రోజులు ఎలా గడుపుతారో నేనెప్పుడూ అడగలేదు. ఆ ఈలలు వింటుంటే ఆయనే గుర్తొచ్చారు.

మాస్టారు: ఈల వేసినవాళ్లంతా చెడ్డవాళ్లంటావా?

ఫార్మసిస్టు: అనను. వాళ్లు చూసింది తన్నులు తిన్నవాడు తిరగబడటం. అది మన సినిమాల్లో ఉన్నదే. కానీ 2024లో రెండో భాగం, మీరు ఈల వేసినవాడు వీరుడు కాదు, జబ్బుపడ్డ మనిషి అని చెప్పింది. పైగా పాటలు పాడించింది. జనం మండిపడ్డారు. అమెరికాలో హాలు దగ్గరే ప్రేక్షకుల్ని అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్‌లో దానికి ‘డి’ వచ్చింది. వసూళ్లు ఇరవై కోట్ల డాలర్లు దాటగానే ఆగిపోయాయి.

ఆపరేటర్: దణ్ణం పెట్టిన చేతులతోటే రంగు కడగమంటే ఎలా తల్లీ! కడిగే పని ఇంట్లోవాళ్లు చెయ్యాలి, వీధిలో కాదు.

యాంకర్: ఒక ఫోన్ కాల్ ఉంది. పర్లాకిమిడి నుంచి. చెప్పండి సార్.

ఫోన్లో శ్రోత: అమ్మా, నమస్తే. మా అబ్బాయికి పదిహేనేళ్లు. ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ తెలుగులో వచ్చిందని వాడి పోరు పడలేక తెల్లారకుండా బస్సెక్కి వచ్చాం. ఆన్‌లైన్లో టికెట్లు. గేటు దగ్గర పిల్లాడి ఆధార్ అడిగి ఆపేశారు. తండ్రిని పక్కనున్నాను కదా అంటే వినలేదు. డబ్బులూ తిరిగి ఇవ్వలేదు. ఇద్దరం దోశ తిని వెనక్కి వచ్చాం. వారం తిరక్కుండా అదే బొమ్మ వాడు ఫ్రెండు ఫోన్లో చూసేశాడు. ఇక ఆ గేటు ఎవరి కోసమమ్మా?

యాంకర్: గేటు దగ్గర వాళ్ల తప్పు లేదు సార్. అమెరికాలో ‘ఆర్’ అంటే పదిహేడు లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు. మన ‘ఏ’ అలా కాదు, పద్దెనిమిది నిండాల్సిందే, తండ్రి పక్కనున్నా సరే. 2023లో చట్టం మార్చి ‘యూఏ’ని 7, 13, 16 ఏళ్లని మూడు చేశారు గానీ ‘ఏ’ని ముట్టుకోలేదు. ‘ఏ’ సినిమా టీవీలో రావాలన్నా మళ్లీ కోసి ‘యూఏ’ తెచ్చుకోవాలి. డబ్బు తిరిగివ్వకపోవడం మాత్రం అన్యాయమే. టికెట్ కొనేటప్పుడే వయసు అడిగి ఉండాల్సింది.

మాస్టారు: నా అనుమానం వేరే. తెలుగులో తిట్లు ఎలా పెట్టారు?

ఫార్మసిస్టు: ఇంగ్లీషులో డెడ్‌పూల్ తిడితే ఎవరికీ పట్టదండీ. అదే మాట తెలుగులో పడగానే హాలు గొల్లుమంటుంది. ఆ వెంటనే అందరూ పక్క సీటు వైపు చూస్తారు, ఆడవాళ్లెవరైనా ఉన్నారా అని. అతను మాటిమాటికీ కథ ఆపి మనతో మాట్లాడతాడు, తన సినిమానే వెక్కిరిస్తాడు.

మాస్టారు: ఆగాగు. మనతో మాట్లాడతాడా?

ఫార్మసిస్టు: అవునండీ. తెరలోంచి నేరుగా.

మాస్టారు: ఓరి వీడా! వీడు కేతిగాడు కదే! తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు యుద్ధంలో ఉండగా మధ్యలో దూరి, బంగారక్కని ఆడిపోసుకుని, జనంతో చెప్పరాని మాటలన్నీ చెప్పి పోతాడు. మా అమ్మ చెవులు మూసుకునేది, వేళ్ల మధ్య సందు వదిలేది. (నవ్వులు) ఆ రాత్రి పిల్లల్ని ఎవరూ గేటు దగ్గర ఆపలేదమ్మా.

యాంకర్: అంటే మీ చివాట్లు వెనక్కి తీసుకున్నట్టేనా?

మాస్టారు: సగం. కేతిగాడు వచ్చి పోయేవాడు, రాముడి కథ నడిచేది. వీడికి కథంతా ఇచ్చేశారు, అది నాకు నచ్చలేదు. ఆ ముసలాడి సినిమా మాత్రం చూస్తాను.

యాంకర్: సమయం అయిపోతోంది. నీ సంచిలో ఆ పుస్తకం ఉందా అమ్మా?

ఫార్మసిస్టు: తెచ్చాను. ఇదిగోండి మాస్టారూ, ‘వాచ్‌మెన్’. ఇంగ్లీషే.

మాస్టారు: కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయాయి. బొమ్మలు చూస్తాలే. (పేజీలు తిప్పుతూ) ఈ పసుపు బిళ్ల ఏంటి, నవ్వుతోంది? దీనిమీద మరక పడింది, చూసుకోలేదా?

ఫార్మసిస్టు: మరక కాదండీ, నెత్తురు. కథ అక్కడే మొదలవుతుంది.

మాస్టారు: ఎవరిది?

ఫార్మసిస్టు: అది చెప్పను. వచ్చే వారం తిరిగివ్వాలి మరి, మడతలు పెట్టకుండా.