మందులకు లొంగని ఫిట్స్‌కు కొవ్వుతో వైద్యం

అందరికీ నమస్కారం.

వాల్ప్రోయేట్, లెవెటిరాసెటమ్, క్లోబాజామ్... ఈ మూర్ఛ మందుల పేర్లు, పిల్లల తల్లిదండ్రులుగా నాకన్నా మీకే బాగా నోటికి వచ్చు. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మొదటి మందుతోనో రెండో మందుతోనో ఫిట్స్ ఆగిపోతాయి. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులను తగిన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటాం. దాదాపు ముగ్గురిలో ఒకరిది ఇదే పరిస్థితి. ఆ తర్వాత మూడోది, నాలుగోది కలుపుతూ పోయినా ఫిట్స్ పూర్తిగా ఆగే అవకాశం తక్కువ. అక్కడ డాక్టరు ఆలోచించాల్సినవి రెండున్నాయి. ఆపరేషన్‌తో నయమయ్యే మూర్ఛేనా? కాకపోతే ఆహారంతో వైద్యం చేయవచ్చా? నేను డైటీషియన్‌ని, రెండోదాని గురించే, అంటే కీటోజెనిక్ డైట్ గురించే మాట్లాడతాను.

కీటో అనగానే కొందరి ముఖాల్లో నవ్వు కనిపిస్తోంది. బరువు తగ్గడానికి గ్లాసుల్లో కొబ్బరినూనె తాగిన రోజులు మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ మర్చిపోలేదు. ఇది అది కాదండి. మూలసూత్రం ఒకటే అయినా, పిల్లలకు ఇచ్చేటప్పుడు ఇది మందు. మందుకు మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంటుంది. సైడ్ ఎఫెక్టులూ ఉంటాయి.

ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని చాలా పాతకాలం నుంచే గమనించారు. 1911లో ఫ్రాన్స్ వైద్యులు దాని గురించి రాశారు కూడా. లంఖణం పరమౌషధమే కావచ్చు, కానీ ఎదిగే పిల్లాణ్ని ఎన్నాళ్లు పస్తు పెడతాం? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రసెల్ వైల్డర్ దీనికి ఒక ఉపాయం చెప్పారు. కడుపునిండా పెడుతూనే, ఒంటిని ఉపవాసంలో ఉన్నట్టు నమ్మించడం. పిండిపదార్థం దాదాపు లేకుండా చేసి కొవ్వు పెంచితే, కాలేయం ఆ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. మెదడు గ్లూకోజుకు బదులు వాటిమీద నడుస్తుంది. కీటోజెనిక్ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే.

1938లో ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు వచ్చింది. తూకాలు వేసుకుంటూ వండటం కన్నా మాత్ర మింగించడం సులువు కదా, అందరూ అటు మళ్లారు. అయినా జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ జాన్ ఫ్రీమన్, డైటీషియన్ మిలిసెంట్ కెల్లీ ఈ వైద్యాన్ని వదల్లేదు. నా వృత్తిలో ఉన్నవాళ్లు కాస్త గర్వంగా చెప్పుకునే పేరు కెల్లీది. 1990ల మొదట్లో హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ కొడుకు చార్లీకి మందులూ పనిచేయలేదు, ఆపరేషనూ పనిచేయలేదు. తండ్రి లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి ఈ ఆహారం గురించి తెలుసుకుని, కొడుకుని ఆ ఇద్దరి దగ్గరికి తీసుకెళ్లాడు. చార్లీకి ఫిట్స్ ఆగాయి. "ఈ సంగతి మాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అన్న కోపంతో ఆ తండ్రి 1994లో ఒక ఫౌండేషన్ పెట్టాడు. ఆ కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం.

ఒక చార్లీకి తగ్గితే అందరికీ తగ్గుతుందని కాదు. 2008లో లండన్‌లో 145 మంది పిల్లలపై చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు, ఈ ఆహారం తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివాళ్లలో అలా తగ్గింది 6 శాతం మందికే. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 102 మంది పిల్లలకు కాస్త సడలించిన పద్ధతిని, అంటే మోడిఫైడ్ అట్కిన్స్ డైట్‌ను పరీక్షించారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో, డైట్ తీసుకున్నవాళ్లలో 52 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, పదిమందిలో ఒకరికి పూర్తిగా ఆగాయి. సగంమందికి అంతగా ఉపయోగపడలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది. దయచేసి రెండూ గుర్తుపెట్టుకోండి.

ఒక రకం పిల్లలకు మాత్రం ఇది మొదటి వైద్యమే కావాలి. రక్తంలోని గ్లూకోజును మెదడులోకి చేరవేసే గ్లూట్-1 అనే ప్రోటీను వాళ్లలో పుట్టుకతోనే లోపించి ఉంటుంది. కీటోన్లు వేరే దారిలో లోపలికి వెళ్తాయి కాబట్టి వాళ్ల మెదడుకు ఇదే అసలైన తిండి.

ఇక వంటింట్లోకి వద్దాం. పాత పద్ధతిలో 4:1 అంటే 4 గ్రాముల కొవ్వుకు, ప్రోటీనూ పిండిపదార్థమూ కలిపి 1 గ్రాము. 4 గ్రాముల కొవ్వు 36 కేలరీలు, మిగతా గ్రాము 4 కేలరీలు. అంటే తిండిలో 90 శాతం శక్తి కొవ్వు నుంచే. ఎలక్ట్రానిక్ త్రాసు లేకుండా ఇది కుదరదు. మోడిఫైడ్ అట్కిన్స్‌లో ప్రతిదీ తూచక్కర్లేదు, కానీ పిండిపదార్థం మొదట్లో రోజుకు 10 గ్రాములు దాటకూడదు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములు ఉంటుంది. రెండు మూడు గోరుముద్దలతో ఆ రోజు కోటా అయిపోయినట్టే. అన్నం పెట్టకపోతే బిడ్డ కడుపు మాడ్చినట్టే అనుకునే ఇళ్లు మనవి. అందుకే మొదటి నెల పిల్లలకన్నా పెద్దవాళ్లకే కష్టం. గుడ్లు, పనీర్, మీగడ, వెన్న, నెయ్యి, కొబ్బరి, నువ్వులు, ఆకుకూరలు, బీరకాయ, సొరకాయ... వీటితో కడుపునిండా పెట్టవచ్చు. వేపుడులో నూనె తేలుతున్నా మిమ్మల్ని ఎవరూ తిట్టరు, నేను తప్పకుండా మెచ్చుకుంటాను.

దెబ్బ తీసేవి చిన్న చిన్నవే. గుడిలో చక్కెర పొంగలి, పక్కింటి బర్త్‌డే చాక్లెట్, దగ్గు సిరప్. పిల్లల సిరప్పుల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది, అందుకే వీలైతే మాత్రల్లోకి మార్చమని డాక్టర్‌ని అడగండి. జ్వరంతో వేరే ఆసుపత్రికి వెళ్తే మొదట ఎక్కించేది తరచుగా గ్లూకోజే. ఫలానా డైట్‌లో ఉన్నాడని, రక్తంలో చక్కెర బాగా పడిపోతే తప్ప గ్లూకోజు లేని సెలైనే ఎక్కించాలని రాసిన కాగితం మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి.

దీన్ని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టొద్దు. ఎందుకంటే, కొవ్వును శక్తిగా మార్చుకునే ఎంజైములు పుట్టుకతో లోపించిన పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ఈ ఆహారం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పరీక్షలు ముందే చేయాలి. మిగతావాళ్లలోనూ మలబద్ధకం, వాంతులు, మూత్రపిండాల్లో రాళ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, ఎదుగుదల మందగించడం చూస్తాం. విటమిన్లు, కాల్షియం విడిగా ఇవ్వాలి. ఫిట్స్ తగ్గాయి కదా అని మందులు మీరే మానేయకండి.

కనీసం మూడు నెలలు పట్టుదలగా చేసి చూడాలి. అందుకే రోజూ ఎన్ని ఫిట్స్ వచ్చాయో, మూత్రంలో కీటోన్లు ఉన్నాయో లేదో చూసే స్ట్రిప్ ఏ రంగు చూపించిందో ఒక నోట్‌బుక్‌లో రాయమంటాం. మూడు నెలల తర్వాత కూడా తేడా లేకపోతే డాక్టరుతో మాట్లాడి మెల్లగా ఆపేద్దాం, అందులో మీ తప్పేం లేదు. పనిచేస్తే సాధారణంగా రెండేళ్లు కొనసాగించి, ఆ తర్వాత కొన్ని నెలలపాటు కొవ్వు తగ్గిస్తూ అన్నం పెంచుతూ వస్తాం. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్లీ విరుచుకుపడవచ్చు.

స్కూల్లో లంచ్ బాక్స్ సంగతి ఎవరో చీటీ రాసి పంపారు. టీచర్లు కూడా వచ్చినట్టున్నారు, ముందు దాంతోనే మొదలుపెడదాం.