ఫోన్-ఇన్: క్లాసు అయ్యాక ఐదు నిమిషాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కాలేజీ అధ్యాపకుల శిక్షణ గురించి మీ ప్రశ్నలకు ప్రొఫెసర్ గారు జవాబులు చెబుతారు. మొదటి ఫోను నిజామాబాద్ నుంచి.

కాలర్: నమస్తే సార్. డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరాను. ఇండక్షన్ ట్రైనింగ్ ఎక్కడ చేయాలి?

ప్రొఫెసర్: ఉస్మానియాలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది అమ్మా. 1986 విద్యా విధానం తర్వాత వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలే ఇవి. ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. గురుదక్షత అని నెల రోజులు ఉంటుంది. ప్రమోషన్‌కి లెక్కలోకొస్తుంది, చేయండి. కానీ ఒకటి, సర్టిఫికెట్ వెళ్ళి క్లాసు చెప్పదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. కాకినాడ నుంచి మాట్లాడుతున్నారు.

కాలర్: నమస్కారం సార్. ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తానండి, పదకొండేళ్ళయింది. థర్మోడైనమిక్స్, అంటే వేడి, శక్తి గురించిన పాఠం. పీపీటీలు చేశాను, ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాల వీడియోలు చూపించాను. అటల్ ఎఫ్‌డీపీలు, అంటే అధ్యాపకుల శిక్షణ కోర్సులు, మూడు చేశాను, అన్నీ ఆన్‌లైనేనండి. అయినా ప్రశ్న అడిగితే పిల్లలు బల్ల వైపే చూస్తారు. మొన్న మిడ్ పరీక్షలో ఎంట్రోపీ లెక్క అరవై మందిలో ఇరవై మంది కూడా చేయలేదు. ఇంకో ఎఫ్‌డీపీ చేయమంటారా?

ప్రొఫెసర్: ఆగండి బాబూ. ప్రశ్న అడిగాక ఎంతసేపు చూస్తారు?

కాలర్: అంటే... ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పేస్తానండి. సిలబస్ అవ్వాలి కదా.

ప్రొఫెసర్: అక్కడే ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ బడి పాఠాలు రికార్డు చేసి చూశారు. టీచర్లు ఆగేది ఒక్క సెకను అటూ ఇటూ. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్ళు పెరిగారు. మీరు మనసులో ఐదు లెక్కపెట్టండి. చివర్లో రెండు నిమిషాలు మిగిల్చి తలా ఒక చీటీ ఇవ్వండి. ఈ రోజు ఏది అర్థం కాలేదో రాయమనండి. పేరు వద్దు. తెలుగులో రాసినా సరే అనండి, అది ముఖ్యం. ఆ చీటీలు చదివి, క్లాసు ఎక్కడ జారిందో మీ నోట్‌బుక్‌లో ఐదు నిమిషాలు రాసుకోండి.

కాలర్: టైమెక్కడుంది సార్? వారానికి పద్దెనిమిది గంటలు క్లాసులు, పైన కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళ కోసం ఫైళ్ళు. వేసవిలో అడ్మిషన్లకి ఊళ్ళు తిరగాలి. అందుకే, ఇంకో ఎఫ్‌డీపీ అయితే ఒక వారంలో...

ప్రొఫెసర్: మళ్ళీ అదే అడుగుతున్నారు! సర్టిఫికెట్ వెళ్ళి క్లాసు చెప్పదు బాబూ. (కాస్త ఆగి) మీ కష్టం తెలుసు. అధ్యాపకుణ్ణి అడ్మిషన్లకి తిప్పడం తప్పు, యాజమాన్యాలకీ ఈ మాటే చెప్తాను. నా సంగతి వినండి. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కార్నో ఇంజిన్ అని, వేడిని పనిగా మార్చే ఊహాయంత్రం ఒకటుంది, దాన్ని పన్నెండేళ్ళు చెప్పాక మొదటిసారి చీటీలు రాయించాను. ఒక కుర్రాడు రాశాడు, ‘రివర్సిబుల్ అంటే ఇంజిన్ వెనక్కి తిరగడమా సార్’ అని. అలాంటివే ఇంకో తొమ్మిది వచ్చాయి. ఎక్కడా ఏ మార్పూ మిగల్చకుండా వెనక్కి మళ్ళించగల ప్రక్రియ అని, పన్నెండేళ్ళలో ఆ ఒక్క మాట విడమర్చి చెప్పలేదు నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాలర్: మావాళ్ళకీ... అదే అయ్యుంటుందండి. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ప్రొఫెసర్: అడగండి. నమ్మకమైన స్నేహితుణ్ణి ఒకరోజు మీ క్లాసులో వెనక కూర్చోబెట్టండి. తప్పులు పట్టొద్దనండి, ఎవరు ఎన్నిసార్లు నోరు విప్పారో గీతలు పెట్టమనండి చాలు. ఆ కాగితం మీ విభాగం హెడ్, హెచ్‌ఓడీ దాకా వెళ్ళకూడదు.

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ప్రిన్సిపాల్ గారు. త్వరగా అడగండి సార్.

కాలర్: విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ తక్కువ వస్తే ఇంక్రిమెంట్ ఆపొచ్చా సార్?

ప్రొఫెసర్: వద్దండి, దయచేసి వద్దు. జీతంతో ముడిపెడితే తన లోపం ఎవరూ నిజాయితీగా రాసుకోరు. మీరే ముందు ఒక క్లాసు తీసుకుని, మీకొచ్చిన చీటీలు స్టాఫ్ రూములో...

వ్యాఖ్యాత: లైను కట్టయింది. సమయం కూడా అయిపోయింది సార్.

ప్రొఫెసర్: ఒక్క మాట. కాకినాడ బాబు వింటుంటే, రేపే చీటీలివ్వండి. రివర్సిబుల్ అంటే ఏమిటో రాయమనండి.