వీపుకి తగ్గిన బరువు భుజానికి పెరుగుతుంది
(అమెరికా తెలుగు శ్రోతల ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం విషయం వేట రైఫిళ్లు. ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువులకు తేలికైన మీడియం బోర్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి కొలరాడో నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పాతికేళ్లుగా అక్కడి కొండల్లో వేటాడుతున్నారు, కొత్తవాళ్లకు పాఠాలు కూడా చెబుతారు. అసలు మీడియం బోర్ అంటే ఏంటండీ?

అతిథి: గొట్టం లోపలి కొలత. సుమారుగా 0.33 అంగుళాల నుంచి 0.375 దాకా ఉండేవి. అంతకన్నా సన్నవి జింకలకి, లావువి ఆఫ్రికాలో ఏనుగులకి అనుకోండి. లెక్క అంత కచ్చితం కాదు, పనికొస్తుంది.

వ్యాఖ్యాత: డెన్వర్ నుంచి ఫోన్. చెప్పండి.

శ్రోత: నమస్తే అన్నా. మాది తెనాలి. ఆఫీసు ఫ్రెండ్స్‌తో వచ్చే సీజన్‌లో ఎల్క్ వేటకి వెళ్దామనుకుంటున్నా. షాపులో 338 విన్‌మాగ్, అదే వించెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా వేసే రైఫిల్ చూశాను, ఆరున్నర పౌండ్లే. చేతిలోకి తీసుకుంటే బొమ్మలా ఉంది. కొనేయమంటారా?

అతిథి: కొనే ముందు ఒక్క మాట తమ్ముడూ. గ్రీన్‌కార్డా, హెచ్1బీనా?

శ్రోత: హెచ్1బీ అన్నా.

అతిథి: అయితే మొదట లైసెన్స్, తర్వాతే రైఫిల్. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. అది ఫెడరల్ చట్టం. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. షాపులో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అదే అడుగుతారు. లైసెన్స్ గడువు తీరిపోయి రైఫిల్ మాత్రం ఇంట్లో బీరువాలో ఉందనుకో, చిక్కుల్లో పడతావు. లాయర్‌ని ఒకసారి అడుగు, డబ్బు వృథా కాదు. పైగా 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి.

శ్రోత: నేను 91లో పుట్టాను.

అతిథి: మరి కూర్చుని చదవాల్సిందే. ఇక రైఫిల్ సంగతి. షాపులో ఏసీలో నిలబడి పట్టుకుంటే ఏదైనా బొమ్మే. ఎల్క్ ఉండేది తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తులో. అక్కడ సగం దూరం ఎక్కేసరికి ప్రతి ఔన్సూ తెలుస్తుంది, అందుకే తేలిక కావాలంటారు, తప్పు లేదు. కానీ తూటా వెనక్కి తన్నే ఊపు అంతే ఉంటుంది, తుపాకీ ఎంత తేలికైతే అంత వేగంగా భుజం మీదకి వస్తుంది. 338 విన్‌మాగ్‌లో 225 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత అది) బుల్లెట్ వేసి 9 పౌండ్ల రైఫిల్‌తో కాలిస్తే తన్ను 32 ఫుట్ పౌండ్ల దాకా ఉంటుంది, తన్ను శక్తిని అలా కొలుస్తారు. నువ్వు చూసినదానికి చిన్న స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బిగిస్తే ఏడున్నర పౌండ్లు అవుతుంది. అందులో 38.

శ్రోత: అదెక్కువా అన్నా? నాకు లెక్క తెలియదు.

అతిథి: 30-06 అని వింటుంటావు, 1906 నుంచి ఉన్న తూటా. మామూలు రైఫిల్‌లో దాని తన్ను 20కి అటూ ఇటూ. చాలామందికి హాయిగా కాల్చగలిగే హద్దు అక్కడే. నా కుడి కనుబొమ మీద చిన్న గీత ఉంది, రేడియోలో కనబడదు కదా. తేలికపాటి మాగ్నమ్, కొండ ఏటవాలు, పడుకుని పైకి గురిపెట్టి కాల్చాను. స్కోపు అంచు వచ్చి కన్ను పైన కోసింది. రక్తం కారుతుంటే మా ఫ్రెండ్ ఫొటో తీశాడు.

శ్రోత: నొప్పి ఓర్చుకుంటే సరిపోదా?

అతిథి: నొప్పి సమస్య కాదయ్యా, ఉలికిపాటు సమస్య. శనివారం రేంజ్‌కి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. ఫ్రెండ్‌కి రైఫిల్ ఇచ్చి నువ్వు అటు తిరుగు. అతను ఒకసారి అసలు తూటా పెడతాడు, ఒకసారి డమ్మీ. ఏది ఉందో నీకు చెప్పడు. డమ్మీ ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే టిక్ మంటుంది అంతే. ఆ క్షణంలో గొట్టం చివర చూడు. నిలకడగా ఉంటే నువ్వు మొనగాడివి. మాగ్నమ్ రెండు పెట్టెలు కాల్చినవాళ్లలో చాలామందికి గొట్టం కిందికి దిగుతుంది, భుజం ముందుకి పోతుంది, కళ్లు మూసుకుంటాయి. అసలు తూటా పేలినప్పుడు ఆ చప్పుడులో ఇది కనబడదు. దానివల్లే ఎల్క్‌కి ఊపిరితిత్తుల్లో తగలాల్సింది పొట్టలో తగులుతుంది. ఆ జంతువు రాత్రంతా నరకం చూస్తుంది, నువ్వు మర్నాడు దాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటావు.

శ్రోత: మరి ఏం తీసుకోమంటారు?

అతిథి: 338 ఫెడరల్ చూడు. 2006లో వచ్చింది, 308 తూటా నోరు పెద్దది చేసినది. తూటా ఎక్కించే యాక్షన్ పొట్టిది కాబట్టి రైఫిల్ నిజంగానే తేలిగ్గా తయారవుతుంది. ఏడున్నర పౌండ్లలో 200 గ్రెయిన్ల బుల్లెట్‌తో తన్ను 24 లోపే. 250 గజాల దాకా ఎల్క్‌కి ఢోకా లేదు. ఇంకాస్త దమ్ము కావాలంటే 35 వీలెన్. 1922 నాటిది, 30-06 తూటా నోరు పెద్దది చేసినది. తన్ను ముప్ఫై దాకా పోవచ్చు, అది గుర్తుంచుకో. చిక్కేంటంటే, కొండ ఊళ్లో చిన్న దుకాణంలో ఈ రెండూ దొరకవు. అందుకే నిజం చెప్పమంటే, మొదటి ఎల్క్‌కి నువ్వు 30-06 తీసుకున్నా నేనేమీ అనను. మీడియం బోర్ కాకపోతే ఎల్క్ ఏమీ ఫిర్యాదు చేయదు. కొలరాడో చట్టం బుల్లెట్ వెడల్పు విషయంలో ఎల్క్‌కి కనీసం 0.24 అంగుళాలు ఉంటే చాలంటుంది.

శ్రోత: ఒక్క డౌటు అన్నా. సన్న బ్యారెల్ వేడెక్కుతుందంటారు?

అతిథి: వేడెక్కుతుంది. మూడు కాల్చి ఆపు, చల్లారాక మళ్లీ. వేటలో నీకు కావాల్సింది చల్లటి గొట్టం నుంచి వెళ్లే మొదటి తూటా. రోజూ మొదటి తూటా ఎక్కడ తగిలిందో పుస్తకంలో రాసుకో, మిగతావి లెక్కలోకి రావు.

వ్యాఖ్యాత: ఇప్పుడు వరంగల్ దగ్గర నుంచి ఒక రైతు లైన్లో ఉన్నారు.

శ్రోత: సార్, మక్క చేనంతా అడవి పందులు పాడు చేస్తున్నయ్. వాటికి ఏ రైఫిల్ మంచిగుంటది?

అతిథి: పెద్దాయనా, నన్ను అడగకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, సొంతంగా కాలిస్తే కేసవుతుంది. ఫారెస్టు ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, పంట నష్టం ఫొటోలతో సహా. దారి అక్కడే ఉంది.

వ్యాఖ్యాత: అలాస్కాలోని ఆంకరేజ్ నుంచి ఒక మేడమ్.

శ్రోత: నమస్కారం అన్నయ్యగారూ. మేము సిటిజన్లమే, ముందే చెప్పేస్తున్నా. మూస్ వేటకి మా ఆయన వాడే 338 విన్‌మాగ్ ఇస్తానంటున్నారు, అది తొమ్మిది పౌండ్లు. మీరు చెప్పింది విన్నాక ఇంకా తేలికది కొనాలా, ఇదే వాడాలా అర్థం కావట్లేదు. నాది అయిదడుగుల రెండంగుళాల ఎత్తు.

అతిథి: మీ కేసు వేరమ్మా. ఆ తూటాకి అసలు ఊరే మీది. 1958లో వించెస్టర్ మోడల్ 70లో వచ్చినప్పుడు ఆ రైఫిల్‌కి అలాస్కన్ అని పేరే పెట్టారు. మూస్ దగ్గరికి వెళ్తే దారిలో గోధుమ ఎలుగుబంటి కూడా ఎదురవ్వొచ్చు. మీరు అక్కడ పడవలోనో విమానంలోనో వెళ్లి దిగుతారు కాబట్టి తొమ్మిది పౌండ్లు ఉండనివ్వండి, అవే మిమ్మల్ని కాపాడతాయి. బరువుకన్నా కొలత ముఖ్యం. స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని పొడవు చూశారా?

శ్రోత: లేదండీ.

అతిథి: ఇంట్లో టేపు ఉందా? తెచ్చుకోండి, ఆగుతాం.

శ్రోత: ఆ... తెచ్చాను.

అతిథి: మోచెయ్యి మడవండి, ఎల్ ఆకారంలో. మోచేతి మడత లోపల నుంచి చూపుడు వేలు మొదటి కణుపు దాకా కొలవండి.

శ్రోత: పన్నెండు... పన్నెండున్నర.

అతిథి: మామూలు రైఫిల్ పదమూడున్నర ఉంటుంది. అంగుళం ఎక్కువ. అందుకే మీరు మెడ చాచి కాల్చాల్సి వస్తుంది, బట్, అంటే స్టాక్ వెనక కొన, భుజం గుంటలో కూర్చోకుండా చేతి మీదకి జారుతుంది. అంతా బరువు తప్పనుకుంటారు. గన్‌స్మిత్ దగ్గర ఒక అంగుళం కోయించి మెత్తటి ప్యాడ్ పెట్టించండి. ప్యాడ్ మందం కూడా ఆ అంగుళంలోనే లెక్కేయమనండి, లేదంటే మళ్లీ మొదటికే వస్తారు.

శ్రోత: గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్ పెట్టించమని మా ఆయన అంటున్నారు.

అతిథి: తన్ను బాగా తగ్గుతుంది, చెవులు మాత్రం పోతాయి. పక్కన ఉన్నవాడి చెవులు ఇంకా ముందు పోతాయి. పెట్టిస్తే మీ ఆయన్ని ఎప్పుడూ పక్కన కాదు, మీ వెనక నిలబడమనండి, ఇద్దరికీ చెవి మూతలు.

శ్రోత: ఆయన స్పీకర్‌లో వింటున్నారు అన్నయ్యగారూ. స్టాక్ కోయించేది నా రైఫిల్‌నా అని అడుగుతున్నారు.

అతిథి: మరింకెవరిదండీ!