చెడింది స్టీరింగ్ బాక్సు కాదు, దాన్ని మోస్తున్న ఫ్రేమ్

పాత ట్రక్కుకు పవర్ స్టీరింగ్ బిగించిన తరువాత బండి రోడ్డు మీద తూలుతోందంటే, మీరు మార్చవలసింది స్టీరింగ్ బాక్సు, అంటే డ్రైవరు తిప్పే స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఉండే గేరు పెట్టె, కాదు. రెండో బాక్సు కొన్నవారికి, మూడో బాక్సు కోసం వెతుకుతున్నవారికి వినిపించేలా మళ్ళీ చెబుతున్నాను: చెడింది బాక్సు కాదు, ఆ బాక్సును మోస్తున్న ఫ్రేమ్, అంటే బండి అడుగున ఉండే ఉక్కు చట్రం.

కొంతకాలంగా సాగుతున్న రగడ మీకందరికీ తెలిసిందే. మాన్యువల్ బాక్సు తీసేసి, ఫ్రేమ్‌కు ఒక మందపాటి ఇనుప పలక వెల్డ్ చేసి, దాని మీద పవర్ బాక్సు బిగిస్తే పని అయిపోయినట్లేనని ఒక వర్గం అంటోంది. అలా చేసిన బండి తూలితే అది నాసిరకం బాక్సు తప్పు లేదా బాక్సులోకి ఆయిల్‌ను ఒత్తిడితో పంపే పంపు నీరసించిన తప్పు అని మరో వర్గం అంటోంది. నా దృష్టిలో ఈ రెండు వర్గాలూ అత్త మీద కోపం దుత్త మీద చూపుతున్నాయి.

మాన్యువల్ స్టీరింగ్ ఉన్నంతకాలం ఫ్రేమ్ మీద పడే బలానికి ఒక సహజమైన హద్దు ఉండేది. ఆ హద్దు డ్రైవరు భుజబలం. నిలిచి ఉన్న బండి చక్రాలు తిరగకపోతే డ్రైవరు అలసిపోయేవాడే తప్ప ఫ్రేమ్ వంగేది కాదు. పవర్ బాక్సు ఆ హద్దును చెరిపేసింది. పంపు ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు అనుకుందాం; అది ఏ పంపుకూ పెద్ద ఒత్తిడి కాదు. బాక్సులోని పిస్టన్ వ్యాసం 7 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ పిస్టన్ మీద పడే తోపు దాదాపు 2700 కిలోల బరువుకు సమానం. బాక్సు తిప్పే చేయి అయిన పిట్‌మన్ ఆర్మ్ పొడవు కారణంగా ఆ బలం, చక్రాల వైపు తోసే కడ్డీ అయిన డ్రాగ్ లింక్‌ను చేరేసరికి కొన్ని వందల కిలోలకు తగ్గుతుంది. అయితే ఆ వందల కిలోలతో బాక్సు చక్రాన్ని ఒకవైపు తోస్తున్నప్పుడు, అంతే బలంతో ఫ్రేమ్‌ను రెండోవైపు తోస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం వెల్డరుకు మినహాయింపు ఇవ్వదు. పైగా పిట్‌మన్ ఆర్మ్ ఫ్రేమ్ కంటే కిందికి వేలాడుతుంది కనుక ఆ బలం ఫ్రేమ్‌ను నేరుగా తోయడంతో ఆగక, దాన్ని మెలిపెడుతుంది కూడా. సీ ఆకారంలో ఒకవైపు తెరిచి ఉండే ఫ్రేమ్ పట్టీకి చేతకాని పని ఏదైనా ఉందంటే అది మెలికను తట్టుకోవడమే.

ఇప్పుడు కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, ఈ ఫ్రేమ్‌ను చూడండి. బోల్టు కోసం ఈ రంధ్రాన్ని డ్రిల్లుతో వేయలేదు, గ్యాస్ కట్టరుతో కాల్చారు. 12 మిల్లీమీటర్ల బోల్టు కూర్చోవలసిన చోట నా బొటనవేలు సులువుగా దూరుతోంది. రంధ్రం పెద్దదైపోయిందని ఒకదాని మీద ఒకటిగా వాషర్లు పేర్చారు. కాల్చిన అంచు పళ్ళు పళ్ళుగా ఉంది. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం గుణం మారింది. ఈ పళ్ళలో ఒకదాని నుంచి పైకి వెళుతున్న సన్నటి గోధుమరంగు గీతను గమనించండి. అది మురికి కాదు, పగులులోంచి బయటికి ఊరుతున్న తుప్పు. ఇంజను నడుస్తుండగా నిలిచిన చోటే స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పిస్తే, చక్రం కదలడానికి ముందే బాక్సు కదులుతోంది. డ్రైవరు చేతికి ప్లేగా, అంటే స్టీరింగ్‌లో వదులుగా, తెలిసేది ఈ కదలికే. దీన్ని చూసిన తరువాత కూడా బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగించేవారిని ఏమనాలి? ఆ స్క్రూను అతిగా బిగిస్తే లోపలి గేరు పళ్ళు అరిగి, అప్పటిదాకా బాగున్న బాక్సు కూడా చెడుతుంది. అప్పుడు కొత్త బాక్సు కొని, దాన్ని కూడా ఇదే పగిలిన ఫ్రేమ్‌కు బిగిస్తారు.

మరమ్మతు మొదలుపెట్టే ముందు, ఆ ఫ్రేమ్‌ను వెల్డ్ చేయవచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి. చాలా భారీ ట్రక్కుల ఫ్రేమ్‌లు వేడి ప్రక్రియతో బలపరిచిన ఉక్కుతో తయారవుతాయి. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది. అందుకే అటువంటి ఫ్రేమ్‌ల మీద తయారీదారు అనుమతించిన చోట తప్ప వెల్డ్ చేయకూడదు, పై అంచునూ కింది అంచునూ డ్రిల్ చేయకూడదు. బలపరిచే పలకలను నిలువు ముఖానికి బోల్టులతోనే బిగించాలి. పాత పికప్పుల వంటి తేలికపాటి ట్రక్కులకు సాధారణంగా మైల్డ్ స్టీలు ఫ్రేమ్‌లే ఉంటాయి కనుక వాటిని పద్ధతిగా వెల్డ్ చేయవచ్చు. మన ముందున్నది ఆ రెండో రకం.

మొదట బాక్సును దించి, ఆ భాగమంతా మెరిసే లోహం కనిపించేదాకా గీకాలి. పగులు కొస కంటికి కనిపించిన చోట ఆగదు, ఇంకా ముందుకు పోయి ఉంటుంది; అందుకే పగుళ్ళను పట్టించే రంగు ద్రవం పూసి అసలు కొసను కనిపెట్టి, అక్కడ చిన్న రంధ్రం వేయాలి. ఆ గుండ్రని రంధ్రం పగులును ముందుకు పాకనివ్వదు. తరువాత పగులును వీ ఆకారంలో గాడి తీసి, అడుగుదాకా వెల్డ్ దిగేలా నింపి, చదును చేయాలి. కాల్చిన రంధ్రాన్ని వెల్డింగ్ పోసి పూడ్చి, అక్కడే మళ్ళీ డ్రిల్ చేస్తే సరిపోతుందనే వాదనను నేను ఒప్పుకోను. పాడైన ముక్కను కోసి తీసేసి, అదే మందం గల కొత్త ముక్కను అతికి, ఆ పైన బలపరిచే పలక వేయాలి. ఆ పలక చివరలు నిలువుగా కోసినవి కాకుండా ఏటవాలుగా ఉండాలి. ఫ్రేమ్‌కు అడ్డంగా పైనుంచి కిందికి నిలువు వెల్డ్ వేస్తే, పగులు ఈసారి సరిగ్గా ఆ వెల్డ్ పక్కనే మొదలవుతుంది.

ఆ తరువాత లోపలి వైపున కూడా పలక వేసి, తెరిచి ఉన్న ముఖాన్ని మూసి, పెట్టె ఆకారం తెప్పించాలి. బోల్టు వెళ్ళే దారిలో రెండు గోడల మధ్య మందపాటి ఉక్కు గొట్టం పెట్టి వెల్డ్ చేయాలి; అది లేకపోతే బోల్టు బిగించిన కొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, బిగువు నిలవదు. బోల్టులు అధిక బలం గల 10.9 గ్రేడువి కావాలి, రంధ్రాలు వాటికి సరిపోయే కొలతలో డ్రిల్ చేసినవి కావాలి. ఒక్క పట్టీని ఎంత బలపరిచినా, బాక్సుకు దగ్గరగా ఫ్రేమ్ రెండు పట్టీలనూ అడ్డంగా కలిపే ఒక క్రాస్ మెంబర్ వేసి ఆ బలాన్ని రెండో పట్టీకి కూడా పంచాలి. మాన్యువల్‌ను పవర్‌గా మార్చే ఈ కన్వర్షన్ చేసినవారు తరచుగా కొత్త బాక్సుకు చోటు చాలడం లేదని ఆ క్రాస్ మెంబర్‌నే కోసేస్తారు! మోసేవాడు అవసరమైన సమయంలో మోసేవాణ్ణే తీసేసే ఈ తెలివికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పకుండా ఉండలేను. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌ను రూపొందించి 1926లో నడిపి చూపించిన ఫ్రాన్సిస్ డేవిస్ అంతకుముందు పియర్స్ ఆరో సంస్థలో ట్రక్కుల విభాగపు ఇంజనీరు. బరువైన ట్రక్కుల స్టీరింగ్ తిప్పడంలోని కష్టాన్ని దగ్గరగా చూసిన మనిషి అతడు. మామూలు కొనుగోలుదారు కారులో ఆ వ్యవస్థ కనిపించడానికి 1951లో వచ్చిన క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగవలసి వచ్చింది. పాతికేళ్ళు పట్టిన పనిని ఒక్క మధ్యాహ్నంలో, గ్యాస్ కట్టరుతో, కొలతలు లేకుండా పూర్తి చేయగలమని నమ్మేవారిని చూస్తే నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలుగుతుంది.

ఫ్రేమ్ బాగుపడిందంటే బాక్సును తిరిగి పాత చోటనే బిగించాలని కాదు. కమాను కట్టలు పైకీ కిందికీ కదిలేటప్పుడు ఇరుసు ఒక దారిలో కదులుతుంది, డ్రాగ్ లింక్ కొస మరో దారిలో కదులుతుంది. ఈ రెండు దారులు కలవకపోతే గతుకు తగిలినప్పుడల్లా బండి తనంతట తానే మళ్ళుతుంది. చోటు దొరికిందని బాక్సును ఎత్తుగా బిగించి, డ్రాగ్ లింక్‌ను ఏటవాలుగా దించి, ఆ తేడాను పూడ్చడానికి పిట్‌మన్ ఆర్మ్‌ను ఎర్రగా కాల్చి వంచిన బండ్లు ఉన్నాయి. ఫోర్జ్ చేసిన ఆర్మ్‌ను కాల్చి వంచడం మరమ్మతు కాదు, అది విరిగే ముహూర్తం పెట్టడం. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్సు కూడా తన మధ్య స్థానంలోనే ఉండాలి: ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు చుట్లు తిరిగితే సరిగ్గా రెండో చుట్టు దగ్గర. అక్కడ గేరు పళ్ళు అన్నిటికంటే బిగువుగా కలుస్తాయి. ఆ స్థానం తప్పితే నేరుగా వెళ్ళేటప్పుడే ప్లే ఉంటుంది.

ఇంత చేసినా బండి తూలిందంటే క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం మళ్ళే పిన్ను వెనక్కి వాలిన కోణం, చూడండి. స్టీరింగ్ తేలికగా తిరగాలని మాన్యువల్ రోజుల్లో ఆ కోణాన్ని తక్కువగా ఉంచేవారు. పవర్ వచ్చాక ఆ అవసరం లేదు, కోణం పెంచితే చక్రాలు వాటంతట అవే నేరుగా వస్తాయి. కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య సరైన ఏటవాలు చీలిక బిళ్ళ పెడితే ఆ పని జరుగుతుంది. దీన్ని వదిలేసి అదురును అణిచే స్టీరింగ్ డ్యాంపరు కొని బిగించేవారు జబ్బును దుప్పటి కప్పి దాస్తున్నారు. పంపులో గాలి తీయడం పెద్ద విద్యేమీ కాదు: ముందు చక్రాలు నేల నుంచి ఎత్తి, ఇంజను ఆపి, ఆయిల్‌లో నురగ పోయేదాకా స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి.

వెల్డ్ చేసిన పలక ఒక్కటే చాలునని ఇంకా వాదించేవారికి నా సవాలు ఒక్కటే. మీ బాక్సును దించండి, బోల్టు రంధ్రాల చుట్టూ రంగు గీకి, ఆ రంగు ద్రవం పూసి, వెలుతురులో ఫొటో తీసి పంపండి. పగులు లేని ఫ్రేమ్‌ను ఈ చానల్‌లోనే చూపిస్తాను.