బ్రెడ్‌లోకి ఏ సాసేజ్? న్యూరెంబర్గ్ బండి దగ్గర తెలిసిన సంగతి

నమస్తే అండీ. చదువుకోవడానికి కొత్తగా జర్మనీ వచ్చిన ఒక తమ్ముడు మొన్న నాకు ఫోన్ చేశాడు. "అన్నా, రోజూ వండుకునే టైం ఉండట్లేదు. సాసేజ్ కొని బ్రెడ్‌లో పెట్టుకుందామంటే సూపర్ మార్కెట్‌లో ఒక గోడ నిండా అవే ఉన్నాయి. ఏది కొనాలో తెలియక టెన్షన్ వచ్చి, గుడ్లు కొనుక్కుని వచ్చేశాను" అన్నాడు. అప్పటికి రెండు ముక్కల్లో ఏదో చెప్పాను కానీ నాకే తృప్తిగా లేదు. అందుకే ఈ వీడియో.

ముందు ఒకటి తేల్చుకోండి. వేడిగా తింటారా, చల్లగా తింటారా? చల్లగా అయితే పని సులువు. సలామీ లాంటివి పచ్చి మాంసానికి ఉప్పు పట్టించి, ఆరబెట్టి చేస్తారు కాబట్టి గట్టిగా ఉంటాయి. వాటిని కాగితమంత పల్చగా కోయాలి. మందంగా కోశారంటే మొదటిసారి కొరికినప్పుడే ముక్క మొత్తం బ్రెడ్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. లివర్ సాసేజ్, టీవుర్స్ట్ అనేవి వెన్నలా రాసుకునే రకాలు. వాటికి తెల్ల బ్రెడ్ సరిపోదు, కాస్త పులుపున్న రై బ్రెడ్ తీసుకోండి. చల్లటి వాటి గురించి ఇంతే.

వేడి సాసేజ్ దగ్గరే అసలు విషయం ఉంది. నాకు అది అర్థమైంది న్యూరెంబర్గ్‌లో, పాత ఊళ్లో ఒక బండి దగ్గర. చలికాలం, సాయంత్రం. బీచ్ చెట్టు కట్టెల నిప్పుల మీద, మన చూపుడు వేలంత సాసేజ్‌లు వరసగా పేర్చి ఉన్నాయి. బండి ఆయన చిన్న గుండ్రటి బన్‌ని మధ్యకి కోసి, మూడు సాసేజ్‌లు పక్కపక్కన పడుకోబెట్టి, ఆవ ముద్ద ఒక గీత గీసి చేతికిచ్చాడు. ఊరి యాసలో దాన్ని 'ద్రై ఇమ్ వెగ్లా' అంటారు, అంటే బన్‌లో మూడు. నోటి దగ్గరికి తెచ్చుకోగానే ఒక వాసన. నాకు బాగా తెలిసిన వాసన, కానీ ఎక్కడిదో గుర్తు రావడం లేదు. రెండోసారి కొరికాక తట్టింది. మరువం! మా అమ్మ కనకాంబరాల మధ్య పెట్టి మాల కట్టే మరువం. జర్మన్లు మయోరాన్ అనేది దాన్నే. మనం జడలో పెట్టుకుంటే వీళ్లు మాంసంలో కలుపుతారు. ఆ చలిలో, ఆ వీధిలో నిలబడి, కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి.

ఇక ఆ సాసేజ్ బన్‌లో ఎందుకంత బాగా కుదురుతుందో చూద్దాం. న్యూరెంబర్గ్ సాసేజ్ పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు. ఆ ఊళ్లో తయారైతేనే ఆ పేరు పెట్టాలని 2003 నుంచి యూరప్‌లో రక్షణ కూడా ఉంది. పైపొర గొర్రె పేగు. బోటి శుభ్రం చేసినవాళ్లకి తెలుస్తుంది, గొర్రె పేగు ఎంత సన్నగా ఉంటుందో. నిప్పుల మీద అది ఎండి, ఎర్రగా కాలి, పన్ను తగలగానే టప్పున విరుగుతుంది. అదే లావుపాటి సాసేజ్‌కి మందపు పొర ఉందనుకోండి, పన్ను దిగదు. మీరు గట్టిగా నొక్కుతారు, బన్ నలుగుతుంది, సాసేజ్ వెనక నుంచి జారి ఒళ్లో పడుతుంది. ఇంకొకటి, 75 గ్రాముల మాంసం ఒకే లావు సాసేజ్‌గా ఉన్నప్పటికంటే మూడు సన్నటివిగా ఉన్నప్పుడు కాలిన భాగం ఎక్కువ వస్తుంది. రుచి ఉండేది ఆ కాలిన అంచులోనే కదా.

ఇంత చిన్నగా ఎందుకు చేశారంటే, రాత్రి తలుపులు మూశాక తాళం చెవి సందులోంచి అమ్మడానికని ఊళ్లో ఒక కథ చెప్తారు. కథే అనుకోండి, నాకు మాత్రం చాలా ఇష్టం.

కాబట్టి వేడి శాండ్‌విచ్‌కి సాసేజ్ కొనేటప్పుడు నేను పైపొర చూస్తాను, సైజు చూస్తాను. ప్యాకెట్ మీద 'గ్రోబ్' అని ఉంటే మాంసం బరకగా ఉందని, 'ఫైన్' అని ఉంటే మెత్తగా రుబ్బారని అర్థం. బన్ ఎలాగూ మెత్తగా ఉంటుంది కాబట్టి లోపల బరకగా ఉంటేనే నాకు నచ్చుతుంది. రంగు కూడా చూడండి. గ్రిల్ చేసే బ్రాట్‌వుర్స్ట్ పచ్చిగా ఉన్నప్పుడు తెల్లగా, బూడిద రంగులో ఉంటుంది. వీనర్, ఫ్రాంక్‌ఫుర్టర్ అనే సాసేజ్‌లు గులాబీ రంగులో ఉంటాయి, ఎందుకంటే వాటిలో నైట్రైట్ కలిపిన ఉప్పు వేస్తారు. వాటిని నిప్పుల మీద మాడ్చకండి. నీళ్లు మరగబెట్టి, స్టవ్ కట్టేసి, అందులో ఓ పది నిమిషాలు ఉంచితే చాలు. మరుగుతున్న నీళ్లలో వేస్తే పొర చిట్లి, రసమంతా నీళ్లపాలవుతుంది.

మ్యూనిక్ తెల్ల సాసేజ్, వైస్‌వుర్స్ట్, పేరున్నదే. కానీ దాన్ని బన్‌లో పెట్టొద్దు. దాని పొర తినరు. తోలు తీసేసి, తియ్యటి ఆవ ముద్దతో ప్లేట్‌లో తినేది అది.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నా రూమ్మేట్ పంది మాంసం తినేవాడు కాదు. ప్యాకెట్ మీద కోడి బొమ్మ, పెద్ద అక్షరాలతో 'గెఫ్లూగెల్', అంటే కోడి లాంటి పక్షుల మాంసం, అని చూసి రెండు వారాలు అదే తిన్నాడు. ఒకరోజు నేను వెనక చిన్న అక్షరాలు చదివితే అందులో 'ష్పెక్' అని ఉంది. అంటే పంది కొవ్వు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు, ఎవరితో మాట్లాడలేదు. అది చూసినప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. ముందున్న బొమ్మ నమ్మొద్దు, వెనక చదవండి. 'ష్వైన్' అంటే పంది. 'రిండ్' అంటే గొడ్డు మాంసం. 'పూటె' టర్కీ కోడి, 'హ్యూన్‌షెన్' కోడి. లోపల అంతా కోడి మాంసమే అయినా పొర 'ష్వైనెడార్మ్', అంటే పంది పేగు కావచ్చు. 'జైట్‌లింగ్' అని ఉంటే గొర్రె పేగు. ఈ ఆరేడు మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూస్తున్నవాళ్లకి ఒక మాట. మన ఫ్రీజర్లలో దొరికే చికెన్ సాసేజ్ ఎక్కువగా మెత్తగా రుబ్బి ఉడికించిన రకం. దానికి ఆ టప్పుమనే పొర ఉండదు. పొర లేనప్పుడు ఆ కరకర మనమే తెప్పించాలి. నిలువునా చీల్చి, పుస్తకంలా తెరిచి, కోసిన వైపు పెనానికి ఆనించి, చుక్క నూనెతో ఎర్రగా కాల్చండి. అలా చదునుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి బ్రెడ్‌లోంచి జారదు. ఆవాలు నానబెట్టి, కాస్త వెనిగర్, ఉప్పు, బెల్లం వేసి నూరిన ముద్ద రాస్తే ఇంకేమీ అక్కర్లేదు.

మన తమ్ముడు నిన్న ఫొటో పంపాడు. న్యూరెంబర్గ్‌వి దొరకలేదట, జర్మనీలోనే తురింగియా అనే రాష్ట్రం సాసేజ్ తెచ్చుకున్నాడు. అది కనీసం 15 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్న బన్‌లోంచి రెండు పక్కలా బయటికి వచ్చేసింది. "అన్నా, బన్ తప్పు సైజు కొన్నానా?" అని అడిగాడు. లేదు తమ్ముడూ, తురింగియాలో అలాగే ఇస్తారు. బన్ పని చెయ్యి కాలకుండా చూడటమే. ఆ బయటికి వచ్చిన చివర నుంచే మొదలుపెట్టు.